మిడతలమని మనకు చెప్పిందెవరు?

బుధవారం సాయంత్రం గృహ కూడిక. పాటలు పాడారు, వాక్యం చెప్పుకున్నారు. ముగింపు ప్రార్థన చేయమని పాస్టరు గారు ఒక సహోదరిని అడుగుతారు. ఆమె కొంగు సర్దుకొని, తల వంచుకొని, "అయ్యో, నాకు రాదండీ అయ్యగారూ, మీరే చేయండి" అంటుంది. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. పాస్టరు గారే ప్రార్థన చేసి కూడిక ముగిస్తారు.

ఏ ఊళ్లోనైనా, ఏ సంఘంలోనైనా మనం చూసేదే ఇది. కానీ అదే సహోదరిని మర్నాడు డ్వాక్రా గ్రూపు మీటింగులో చూడండి. ఎవరు ఎన్ని వాయిదాలు కట్టారో, ఎవరు బాకీ ఉన్నారో కాగితం చూడకుండా చెబుతుంది. బ్యాంకు మేనేజరు ముందు నిలబడి గ్రూపు తరఫున మాట్లాడుతుంది. మనవడికి జ్వరం వస్తే అర్ధరాత్రి మంచం పక్కన మోకరించి, తన మాటల్లో, కన్నీళ్లతో దేవునికి మొరపెట్టుకునేదీ ఆమే. ఆమెకు ప్రార్థన వచ్చు. కానీ "నాకు రాదు" అని ఎప్పుడో ఒకనాడు అనుకుంది. ఆ తర్వాత ఆ మాట నిజమా కాదా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

ఇలాంటి మాటలు మన నోట ఎన్నో. "నేను చదువుకోలేదు, నాకేం తెలుసు?" "మా ఇంట్లో ఎవరూ డిగ్రీ దాకా రాలేదు, మా వాడెక్కడ వస్తాడు?" "ఇంత వయసొచ్చాక ఇక నేనేం నేర్చుకుంటాను?" "ఒకసారి పడిపోయినవాణ్ణి, నన్ను ఎవరు నమ్ముతారు?" "నా రాత ఇంతే." ఈ చివరి మాట మరీ విచిత్రమైనది. నుదుటి రాతను నమ్మడం మానేశామని బాప్తిస్మం పొందిన మనమే, కష్టం రాగానే రాత మీదకు నెట్టేస్తాం.

మన పెద్దలు దీన్ని గిరి గీసుకొని కూర్చోవడం అంటారు. సుద్దముక్కతో మన చుట్టూ మనమే గీసుకున్న గీత అది. దాటితే కాలు కాలదు, గోడ అడ్డం రాదు. అయినా దాటం. ఈ గిరి గురించి పరిశుద్ధ గ్రంథంలో ఒక పెద్ద సంఘటన ఉంది. దానికి ఒక తరమంతా వెల చెల్లించింది.

కాదేషులో ఏం జరిగింది?

సంఖ్యాకాండము 13, 14 అధ్యాయాలు తెరిచి చూడండి. హోరేబు నుండి కాదేషు బర్నేయకు పదకొండు రోజుల ప్రయాణమని ద్వితీయోపదేశకాండము 1:2 చెబుతుంది. ఇశ్రాయేలీయులు ఆ దూరం నడిచి వాగ్దాన దేశపు అంచుకు చేరుకున్నారు. గోత్రానికి ఒకరు చొప్పున పన్నెండుమంది ఆ దేశాన్ని వేగు చూడడానికి వెళ్లారు. నలభై రోజులు తిరిగారు. ఎష్కోలు లోయలో ఒక్క ద్రాక్ష గెలను కోసి, దాన్ని ఇద్దరు మనుషులు కర్రమీద మోసుకొని రావలసి వచ్చింది. దానిమ్మలు, అంజూరాలు కూడా తెచ్చారు. దేశం మంచిదని పన్నెండుమందీ ఒప్పుకున్నారు. సాక్ష్యం కళ్ల ముందే ఉంది.

అయితే పదిమంది ఇంకొక మాట చేర్చారు. అక్కడి పట్టణాలకు ప్రాకారాలున్నాయి, అక్కడివారు ఎత్తరులు, అనాకీయులు కూడా ఉన్నారు అన్నారు. ఇంతవరకు వారు చెప్పింది నిజమే. గోడలు ఉన్నాయి, ఎత్తరులు ఉన్నారు. కాలేబు కూడా అవి లేవని అనలేదు. తేడా 33వ వచనంలో వస్తుంది. మా కళ్లకు మేము మిడతల్లా కనబడ్డాం, వారి కళ్లకూ అలాగే కనబడ్డాం అని వారు చెప్పారు.

ఈ వచనంలోని వరుసను గమనించండి. ముందు వారి కళ్లకు వారు మిడతలయ్యారు. ఆ తర్వాతే ఎదుటివారి కళ్లకు కూడా మిడతలమే అని తేల్చేసుకున్నారు. ఎదుటివారి మనసులో ఏముందో వారికెలా తెలిసింది? వారు వేగులవారు. రహస్యంగా వెళ్లారు, రహస్యంగా వచ్చారు. "మేము మీకు ఎలా కనబడుతున్నాం?" అని ఏ అనాకీయుణ్ణీ ఆపి అడిగినట్టు లేఖనంలో లేదు. తమను గురించి తాము అనుకున్నదాన్నే శత్రువు నోట్లో పెట్టారు.

గోడకు అవతలి మాట

ఆ గోడల వెనుక ఉన్నవారు నిజంగా ఏమనుకుంటున్నారో మనకు తెలియాలంటే నలభై ఏళ్లు ఆగాలి. యెహోషువ 2వ అధ్యాయంలో ఇద్దరు వేగులవారు యెరికోలో రాహాబు ఇంటికి వెళ్లారు. ఆమె వారిని మిద్దెమీద దాచి, తన ఊరివారి సంగతి చెప్పింది. ఎర్ర సముద్రపు నీళ్లను దేవుడు ఎండజేసిన సంగతి విన్నప్పుడే తమ గుండెలు నీరైపోయాయనీ, మీ ఎదుట నిలిచే ధైర్యం ఎవరికీ లేకుండా పోయిందనీ ఆమె ఒప్పుకుంది.

ఎర్ర సముద్రం పాయలైంది ఎప్పుడు? వేగులవారు మొదటిసారి వెళ్లడానికి ముందే. ఆ కబురు అంతగా భయపెట్టిన దేశంలోకే ఆ పదిమంది వెళ్లి, మనల్ని మిడతలనుకుంటున్నారని చెప్పి వచ్చారు. గోడకు ఇటువైపు వీరు వణుకుతున్నారు, అటువైపు వారి గుండె జారిపోయి ఉంది. నలభై ఏళ్లు ఇశ్రాయేలీయులను అరణ్యంలో నిలిపింది అనాకీయుల ఎత్తు కాదు, అవిశ్వాసంతో కలిసిన ఒక తప్పుడు అంచనా.

ఆ అంచనా ఎక్కడ పుడుతుంది?

ఇశ్రాయేలీయులను తేలిగ్గా నిందించలేం. తరతరాలు ఇటుకలు చేసిన చేతులు వారివి. నువ్వు బానిసవు అని ప్రతిరోజూ చెప్పించుకున్నవాడికి, కొరడా పట్టినవాడు పక్కన లేకపోయినా ఆ మాట వినబడుతూనే ఉంటుంది. మన గిరుల్లో చాలా భాగం మొదట ఇతరులు గీసినవే. బడిలో పదిమంది ముందు ఒక మాస్టారు అన్న మాట, అత్తింట్లో ఒకరు చేసిన ఎగతాళి, కులం పేరుతో ఊరు చూపిన హద్దు. మొదట అది ఎదుటివారి మాట. విని విని, చివరకు అది మన సొంత గొంతు అవుతుంది.

మోషే సంగతి చూడండి. యౌవనంలో తన సహోదరుల మధ్య తగవు తీర్చబోతే, మామీద నిన్ను అధికారిగా ఎవరు నియమించారని ఒకడు ఎదిరించాడు (నిర్గమ 2:14). మోషే పారిపోయాడు. ఎన్నో ఏళ్ల తర్వాత మండుచున్న పొదలోనుండి దేవుడు పిలిస్తే మోషే నోట వచ్చిన మొదటి అభ్యంతరం, ఫరో దగ్గరకు వెళ్లడానికి నేనెంతటివాణ్ణి అనే (3:11). మొదటి ప్రశ్న వేసినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ ప్రశ్న మాత్రం మోషేతోపాటు మిద్యాను దాకా వచ్చి, గొర్రెల మందతోపాటు ఇంతకాలం ఉన్నట్టుంది.

ఇంకొక మూలం ఉంది. దాన్ని గుర్తించడం కష్టం, ఎందుకంటే అది భక్తి వేషంలో వస్తుంది. "నేను అల్పుణ్ణి, నాకు ఏ యోగ్యతా లేదు" అంటాం. వినడానికి దీనమనసులా ఉంటుంది. కానీ మత్తయి 25లో ఒక్క తలాంతు తీసుకున్నవాడు కూడా గొప్పలు చెప్పలేదు. భయపడ్డాను, భూమిలో దాచాను అన్నాడు. యజమాని దాన్ని వినయమని మెచ్చుకోలేదు. దీనమనసు దేవుడు ఇచ్చినదాన్ని ఆయన పనికి వాడుతుంది. భయం దాన్ని గుడ్డలో చుట్టి పెడుతుంది.

దేవుడు ఇచ్చే జవాబు

ఇక్కడ మనం జాగ్రత్తగా చదవాలి. ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు, "నీలో శక్తి ఉంది, నువ్వు ఏదైనా సాధించగలవు" అనే ప్రసంగాలు వరుసగా వస్తాయి. కొన్ని వేదికల మీద కూడా అవే మాటలు, మధ్యలో ఒక వచనం జోడించి వినిపిస్తున్నారు. లేఖనంలో దేవుడు ఇచ్చిన జవాబు వేరు.

నేనెంతటివాణ్ణి అని మోషే అడిగితే, నువ్వు చాలా గొప్పవాడివి అని దేవుడు అనలేదు. నేను నీకు తోడుగా ఉంటాను అన్నాడు. నాకు నోటి నేర్పు లేదు, నాలుక మాంద్యం ఉంది అంటే, లేదు నువ్వు చక్కగా మాట్లాడతావు అని కూడా అనలేదు. మనిషికి నోరిచ్చినది ఎవరని అడిగాడు, తర్వాత అహరోనును తోడు ఇచ్చాడు. గిద్యోను మిద్యానీయులకు భయపడి ద్రాక్ష గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నాడు. మనష్షే గోత్రంలో తన కుటుంబం ఎన్నికలేనిదనీ, తన ఇంట్లో తానే చిన్నవాణ్ణనీ చెప్పుకున్నాడు. అతనికి దొరికిందీ ఆ తోడు ఉంటాననే మాటే (న్యాయాధి 6:15, 16). నేను బాలుణ్ణి అన్న యిర్మీయాకూ అదే (యిర్మీయా 1:6–8).

ముగ్గురూ "నేను" అనే మాటతో మొదలుపెట్టారు. దేవుడు ముగ్గురికీ తన సన్నిధితో జవాబిచ్చాడు. కాబట్టి విశ్వాసి గిరి దాటడమంటే తన మీద తనకు నమ్మకం పెంచుకోవడం ఒక్కటే కాదు. నన్ను గురించి నేను చెప్పుకున్న మాటకంటే నన్ను పిలిచినవాని మాట నిజమని ఒప్పుకోవడం.

అన్ని హద్దులూ మనం గీసుకున్నవి కావు

సంఖ్యాకాండము 14 చివరి భాగాన్ని మనం తరచుగా చదవకుండా వదిలేస్తాం. తీర్పు విన్న తర్వాత ప్రజలు మనసు మార్చుకున్నారు. ఇప్పుడు వెళ్తాం అని బయలుదేరారు. వద్దని మోషే చెప్పాడు. మోషే గాని, నిబంధన మందసం గాని పాళెం విడిచి వెళ్లలేదు. అయినా వారు కొండ ఎక్కారు. అమాలేకీయులు, కనానీయులు వారిని కొట్టి హోర్మా వరకు తరిమారు. నిన్న "మేము చేయలేం" అన్నది అవిశ్వాసం. నేడు "మేము చేయగలం" అన్నదీ అవిశ్వాసమే. రెండుసార్లూ దేవుని మాటను పక్కన పెట్టారు.

నిజమైన హద్దులు ఉంటాయి. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది (2 కొరింథీ 12:8, 9). బితూనియకు వెళ్లబోతే ఆత్మ వెళ్లనివ్వలేదు (అపొస్తలుల కార్యములు 16:7). తనను బలపరచేవానియందు సమస్తమూ చేయగలనని ఫిలిప్పీయులకు రాసిన పౌలు, దానికి ముందు వచనంలో కడుపు నిండిన రోజుల గురించి, ఆకలి రోజుల గురించి మాట్లాడుతున్నాడు. లేమిలోనూ నిలబడే బలం గురించిన మాట అది. అప్పు చేసి మేడ కట్టడానికి, చదవకుండా పరీక్ష రాయడానికి, బీపీ మాత్రలు మానేయడానికి ఆ వచనాన్ని వాడుకోకూడదు. జబ్బుపడిన సహోదరునితో "నీ విశ్వాసం తక్కువ, అందుకే లేవలేకపోతున్నావు" అనడం గిరి చెరపడం కాదు, పుండు మీద కారం చల్లడం.

తిరునెల్వేలి నుండి డోర్నకల్‌కు

మన తెలుగు సంఘాల చరిత్రలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి ప్రాంతపు వెల్లాళన్‌విళైలో 1874లో పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేస్తూ 1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తామే డబ్బు కూర్చుకొని సువార్త పని నడుపుతుండడం చూశారు. ఆ ప్రశ్న ఆయనను వదలలేదు. తిరునెల్వేలి సంఘానికి అప్పటికే నూరేళ్లు దాటాయి. అయినా మిషనరీలంటే సముద్రం దాటి వచ్చే తెల్లదొరలే, మనం పుచ్చుకునేవాళ్లమే అన్న అలవాటు అక్కడ స్థిరపడిపోయింది.

ఆ అలవాటును ప్రశ్నించినందువల్ల 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులతో నడిచే మిషను అది. వారు ఎంచుకున్న పొలం తమిళ దేశం కాదు, నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. 1909లో అజరయ్య గారు తానే డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లెపల్లె తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆంగ్లికన్ సంఘపు మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు.

ఆయన డోర్నకల్‌లో చేసిన పని ఇంకా గమనించదగ్గది. సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలి కుటుంబాలవారు. అక్షరాలు రానివారు. వారి చుట్టూ ఉన్న గిరి వారు గీసుకున్నది కాదు, ఊరు గీసింది. వీరికి చాలాకాలం బోధించాక, చదువు చెప్పాక, అప్పుడు సాక్ష్యం సంగతి చూద్దామని ఆయన అనుకోలేదు. బాప్తిస్మం పొందేటప్పుడే ప్రతి ఒక్కరూ తమ చేయి తమ తలమీద పెట్టుకొని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు 1 కొరింథీ 9:16లో అన్న మాటను తమ మాటగా పలికేలా చేశారు. ఏటా ఒక సాక్ష్యపు వారం నియమించి, చదువు రాని విశ్వాసులను కూడా పొరుగు ఊళ్లకు పంపారు. 1941 నాటికి ఆ డయోసిస్ సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

నిన్నటిదాకా వాకిట్లో నిలబడనివ్వని మనిషికి సంఘం జాలి చూపి ఊరుకోలేదు, పని అప్పగించింది. 'నాకేం తెలుసు' అనే మాట చెరిగిపోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

మనల్ని మనం అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటిది: ఈ మాట నాకు చెప్పిందెవరు? ఏదెనులో ఆదాము దాక్కున్నప్పుడు, నీవు దిగంబరివని నీకు చెప్పిందెవరని దేవుడు అడిగాడు (ఆది 3:11). "నావల్ల కాదు" అన్న మాట నోటికి వచ్చినప్పుడు మనమూ ఈ ప్రశ్న వేసుకోవాలి. ఈ మాట దేవుడు చెప్పాడా, వైద్యుడు చెప్పాడా, లేక పదో తరగతిలో నవ్విన తోటి పిల్లలు చెప్పారా? మొదటి ఇద్దరిదైతే విందాం. మూడోవారిదైతే ఇన్నేళ్లు మోయవలసిన అవసరం లేదు.

రెండోది: దీన్ని ఎప్పుడైనా పరీక్షించి చూశానా? పదిమంది వేగులవారు గోడలు చూశారు గాని గోడ వెనుక భయాన్ని చూడలేదు. ప్రార్థన రాదనుకునే సహోదరి మొదట ఇంట్లో భోజనం ముందు రెండు వాక్యాలు పైకి పలికి చూడవచ్చు. చదవడం రాదనుకునే సహోదరుడు రోజూ ఒక్క వచనం కూడబలుక్కోవచ్చు. అరవై ఏళ్లకు బైబిలు చదవడానికే అక్షరాలు దిద్దినవారు మన సంఘాల్లో ఉన్నారు. చిన్న అడుగు వేసి చూడండి. నిజమైన హద్దు అయితే అక్కడ తగులుతుంది. గీత అయితే దాటాక గాని అది గీత అని తెలియదు.

మూడోది: దీని వెల ఎవరు చెల్లిస్తున్నారు? ఈ ప్రశ్న బరువైనది. కాదేషులో 'చేయలేం' అన్నది పెద్దవాళ్లు. తమ పిల్లలు కొల్లపోతారని వారు ఏడ్చారు కూడా. చివరకు ఆ పిల్లలే నలభై ఏళ్లు అరణ్యంలో తిరిగారు (సంఖ్యా 14:33). 'మా ఇంటావంటా లేదు' అని తండ్రి అన్న మాటకు కూతురి చదువు ఆగిపోతుంది. 'మన సంఘంలో ఇలా ఎప్పుడూ లేదు' అని పెద్దలు అన్న మాటకు యౌవనస్థులు వెనుక బెంచీలోనే ఉండిపోతారు. మన గిరిలో మనం ఒక్కరమే కూర్చోం. మన పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని కూర్చుంటాం.

సంఘ నాయకులకు ఒక మనవి

ఎవరైనా "నాకు రాదండీ" అన్నప్పుడు, మనకు పని తేలికవుతుందని ఒప్పేసుకోవద్దు. నలుగురిలో నిలబెట్టి బలవంతపెట్టనూ వద్దు. వారం ముందే చెప్పండి. పక్కన కూర్చొని నేర్పండి. ఒక చిన్న కీర్తన చదవమని, ఒక్క విన్నపం పైకి చెప్పమని ఇవ్వండి. తడబడితే నవ్వకుండా చూసుకోవడం సంఘపు బాధ్యత. మోషేకు అహరోను దొరికినట్టు ప్రతివారికీ ఒక తోడు దొరకాలి.

కాలేబు మాటతో ముగిద్దాం. కాదేషులో అతనికి నలభై ఏళ్లు. యెహోషువ 14వ అధ్యాయం నాటికి ఎనభై అయిదు. దేశం పంచే సమయంలో అతడు చదునైన పొలం అడగలేదు. హెబ్రోను కొండసీమ అడిగాడు. అనాకీయులు ఉన్నది అక్కడే. తనవారిని నలభై అయిదేళ్ల క్రితం మిడతలను చేసిన ఆ చోటునే అతడు కోరుకున్నాడు. అప్పుడు కూడా నేను బలవంతుణ్ణని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. యెహోవా నాకు తోడుంటే వారిని వెళ్లగొట్టగలను అన్నాడు.

వచ్చే బుధవారం గృహ కూడికలో పాస్టరు గారు మళ్లీ ఎవరో ఒకరిని ప్రార్థన చేయమని అడుగుతారు. ఆ పిలుపు మీకే వస్తే, "నాకు రాదు" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాట మీకు చెప్పిందెవరో గుర్తు తెచ్చుకోండి. ఆ తర్వాత కళ్లు మూసుకొని, "ప్రభువా" అని మొదలుపెట్టండి.